అంచనా సంఖ్యకు సంతకం పెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పాత సర్వర్‌లోని డేటాను కొత్త సర్వర్‌కు మార్చినప్పుడు ఆఫీసుల్లో తరచూ లేచే గొడవ ఒకటుంది. పాత తెర మీద 47 లక్షల రికార్డులు, కొత్త తెర మీద 52 లక్షలు. మధ్యలో ఐదు లక్షల పేర్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయని ఫైలు కదులుతుంది. జాబితా చూసే ఉద్యోగికి మెమో వెళుతుంది. మాట బయటికి పొక్కితే ‘బోగస్ పేర్లు’ అన్న శీర్షిక కూడా సిద్ధమవుతుంది. తీరా ఒకటొకటిగా లెక్కపెడితే రెండు చోట్లా సంఖ్య ఒకటే ఉంటుంది. ఆ రెండు తెరలూ చూపినవి లెక్కలు కావు, అంచనాలు. ఈ తేడా పైవాళ్లకు తెలియనందుకు నిజాయితీగా పనిచేసిన మనిషి సంజాయిషీ రాసుకోవాల్సి రావడం అన్యాయం. అందుకే డేటాబేస్ టూల్స్ రికార్డుల సంఖ్యను ఎందుకు సుమారుగా చూపిస్తాయో, కచ్చితమైన సంఖ్య కావాలంటే ఏం చేయాలో వివరంగా రాస్తున్నాం.

ముందు ఆ సంఖ్య ఎవరి కోసం పుట్టిందో చూడాలి. మనం ఏదైనా అడిగినప్పుడు డేటాబేస్ వెంటనే వెతుకులాట మొదలుపెట్టదు, ఏ దారిన వెళ్లాలో ముందు నిర్ణయించుకుంటుంది. ఇండెక్స్ (పుస్తకం చివరి సూచిక లాంటిది) పట్టుకుని పోవాలా, టేబుల్ (రికార్డుల పట్టిక) మొత్తం చదవాలా, రెండు టేబుళ్లు కలపాల్సి వస్తే ఏది ముందు తీయాలి అన్నవి తేల్చే భాగాన్ని ప్లానర్ అని కొందరు, ఆప్టిమైజర్ అని కొందరు అంటారు. టేబుల్‌లో ఉన్నవి వంద రికార్డులా, కోటి రికార్డులా అన్నది తెలిస్తే దానికి చాలు. 47 లక్షలైనా 52 లక్షలైనా అది ఎంచుకునే దారి సాధారణంగా మారదు. కాబట్టి డేటాబేస్ తక్కువ ఖర్చులో ఒక అంచనా వేసి తన సొంత వివరాలుండే కేటలాగులో రాసి పెట్టుకుంటుంది. టేబుళ్ల జాబితా లేదా టేబుల్ వివరాలు తెరవగానే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు వాడే పీహెచ్‌పీమైఅడ్మిన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు వాడే పీజీఅడ్మిన్ లాంటి టూల్స్ మనకు చూపేది, పెద్ద టేబుళ్ల విషయంలో, ప్లానర్ కోసం రాసి పెట్టుకున్న ఆ అంకెనే.

నిజంగా లెక్కపెట్టి చూపించొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఖర్చు చూడండి. 200 జీబీ టేబుల్‌ను సెకనుకు 500 ఎంబీ వేగంతో చదివే డిస్క్ మీద మొదటి నుంచి చివరిదాకా చదవడానికి 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాల పైనే పడుతుంది. ఒక స్కీమాలో, అంటే టేబుళ్ల సముదాయంలో, మూడు వందల టేబుళ్లుంటే, ఎవరో ఒకరు ఆ జాబితా తెరిచిన ప్రతిసారీ అన్నింటినీ చదవాలి. అవతల కౌంటర్ దగ్గర నిలబడ్డ జనానికి సర్వర్ జవాబివ్వాల్సిన సమయంలో ఇది జరగకూడదు. అందుకే టూల్స్ ఒక హద్దు పెట్టుకున్నాయి. పీహెచ్‌పీమైఅడ్మిన్ 4.8 వెర్షన్ నుంచి, సెట్టింగ్ మార్చకపోతే, ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్) టేబుల్ అంచనా 50,000 లోపు ఉంటేనే నిజంగా లెక్కపెడుతుంది. ఆపైన ఉంటే అంచనానే చూపుతూ అంకె ముందు అల లాంటి చిన్న గీత, అదే టిల్డె, పెడుతుంది. పీజీఅడ్మిన్‌లో ఆ హద్దు 2,000. అక్కడ అంచనాకు ఒక వరుస, లెక్కించిన సంఖ్యకు వేరే వరుస ఉంటాయి. టేబుల్ మీద కుడి క్లిక్ చేసి ‘కౌంట్ రోస్’ నొక్కితే అసలు లెక్క వస్తుంది. టూల్ తన వంతు నిజం చెబుతూనే ఉంది. ఆ అంకెను ఎక్సెల్‌లోకి దించుకుని నోట్ రాసే దగ్గర టిల్డె రాలిపోతుంది, ‘సుమారు 47 లక్షలు’ కాస్తా ‘47,00,000’ అవుతుంది.

సరే, రికార్డు చేరినప్పుడల్లా ఒకటి కలిపి, తీసేసినప్పుడల్లా ఒకటి తగ్గించి ఒక మూలన రాసుకుంటే పోదా? పోదు. దీనికి కారణం తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఉద్యోగి తన ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిపి ఖాయమయ్యే లేదా రద్దయ్యే పనుల కట్టలో) 500 రికార్డులు తొలగించాడు, ఇంకా కమిట్ చేయలేదు, అంటే ఖాయం చేయలేదు. టేబుల్‌లో అంతకుముందు లక్ష ఉన్నాయి. ఆ క్షణాన అతను లెక్కపెడితే 99,500 వస్తుంది. పక్క గదిలోంచి ఇంకొకరు లెక్కపెడితే లక్ష వస్తుంది. రెండూ నూటికి నూరు పాళ్లు సరైనవే. అతను రోల్‌బ్యాక్ చేస్తే, అంటే వెనక్కి తీసుకుంటే, తొలగింపు జరగనట్టే, కమిట్ చేస్తే ఆ తర్వాత లెక్కపెట్టేవాళ్లకు 99,500. ఒకే టేబుల్‌కు ఒకే సమయంలో రెండు నిజమైన సంఖ్యలున్నప్పుడు మూలన రాసుకునేది ఏది? పోస్ట్‌గ్రెస్, ఇన్నోడీబీ, ఒరాకిల్ మూడూ ఎవరికి పాత రూపం కనబడాలో, ఎవరికి కొత్త రూపం కనబడాలో డేటా చదివేటప్పుడే తేలుస్తాయి కాబట్టి, కచ్చితమైన లెక్క కావాలంటే చూసి రావాల్సిందే. పైగా ఒకే ఒక్క కౌంటర్ పెడితే, టేబుల్‌లో రాసే ప్రతివాడూ దాని దగ్గర వరుసలో నిలబడాలి. వందమంది ఒకేసారి రాయగలిగే టేబుల్‌ను ఒక్కొక్కరే రాసే టేబుల్‌గా మార్చుకున్నట్టవుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో పాత మైఐసామ్ ఇంజిన్ టేబుళ్లు కచ్చితమైన సంఖ్యను రాసి పెట్టుకునేవి. వాటికి ట్రాన్సాక్షన్లు లేవు, ఒకరు రాస్తుంటే తాళం టేబుల్ మొత్తానికీ పడేది, కాబట్టి సాధ్యమైంది. 2010 చివర్లో వచ్చిన 5.5 వెర్షన్‌తో ఇన్నోడీబీ డిఫాల్ట్ అయింది. పాత అలవాటుతో రికార్డుల సంఖ్య చూపే అదే కాలమ్ చూసేవాళ్లకు అప్పటి నుంచి అంకెలు కుదురుగా కనిపించడం మానేశాయి. ఇన్నోడీబీ టేబుళ్ల విషయంలో ఈ సంఖ్య అసలు దానికి 40 నుంచి 50 శాతం దాకా తేడాగా ఉండొచ్చని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్లోనే రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చదివితే ఎన్నో మెమోలు ఆగిపోతాయి.

అంత తేడా ఎలా వస్తుందో దగ్గర నుంచి చూద్దాం. ఇన్నోడీబీ డేటాను 16 కేబీ పేజీల్లో పెడుతుంది. అంచనా కోసం, సెట్టింగ్ మార్చకపోతే, టేబుల్ ఎంత పెద్దదైనా 20 పేజీలు శాంపిల్ తీస్తుంది. పేజీకి సగటున ఎన్ని రికార్డులున్నాయో చూసి మొత్తం పేజీలతో హెచ్చవేస్తుంది. 50,000 పేజీల టేబుల్ అనుకోండి, దాదాపు 800 ఎంబీ. శాంపిల్లో సగటు 94 వస్తే అంచనా 47 లక్షలు. ఇంకోసారి వేరే 20 పేజీలు తగిలి సగటు 104 వస్తే 52 లక్షలు. పేజీకి పది రికార్డుల తేడా మొత్తంలో ఐదు లక్షలైంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, కుండలో ఎన్ని మెతుకులున్నాయో తెలియదు. పైగా టేబుల్‌లో పేజీలన్నీ ఒకే తీరుగా ఉండవు. చిరునామా కాలమ్ పొడుగ్గా ఉన్న రికార్డులు ఒకచోట గుంపుగా ఉండొచ్చు. మధ్యలో రికార్డులు తొలగించిన పేజీలు సగం ఖాళీగా ఉండొచ్చు. కొత్త సర్వర్‌లోకి డేటా ఎక్కించినప్పుడు పేజీలు మళ్లీ మొదటి నుంచి సర్దుకుంటాయి, శాంపిల్ కూడా అక్కడ విడిగా తీస్తారు. ఒకే డేటాకు రెండు చోట్లా ఒకే అంచనా వస్తేనే ఆశ్చర్యపోవాలి.

మైఎస్‌క్యూఎల్ 8.0లో ఇంకో సంగతి కలిసింది. టేబుళ్ల వివరాలు చూపే ఇన్ఫర్మేషన్ స్కీమా ఈ సంఖ్యను దాచిపెట్టుకుని 86,400 సెకన్లు, అంటే 24 గంటల పాటు అదే చూపుతుంది. పొద్దున పది లక్షల రికార్డులు తీసేసి సాయంత్రం చూసినా పాత అంకే కనిపించొచ్చు, తొలగింపు జరగలేదేమోనని అదే కమాండ్ మళ్లీ నడిపే ప్రమాదం ఉంది. మీ సెషన్‌లో ‘ఇన్ఫర్మేషన్ స్కీమా స్టాట్స్ ఎక్స్‌పైరీ’ని సున్నా చేసి చూడండి, లేదా ఆ టేబుల్‌కు ‘అనలైజ్ టేబుల్’ (అంచనాను కొత్తగా వేయించే కమాండ్) నడపండి. అంచనా మరీ ఊగిసలాడుతుంటే ఆ ఒక్క టేబుల్‌కు శాంపిల్ పేజీలను 20 నుంచి 200కు పెంచుకోవచ్చు. అనలైజ్ కొంత నిదానిస్తుంది, అంచనా కుదురుకుంటుంది. అప్పుడు కూడా అది అంచనానే.

పోస్ట్‌గ్రెస్‌లో రెండు చోట్ల రెండు అంకెలుంటాయి, ఏది చూస్తున్నామో తెలియాలి. ఒకటి పీజీ క్లాస్ కేటలాగులోని ‘రెల్‌టపుల్స్’. దాన్ని వాక్యూమ్ (తొలగించిన రికార్డుల చోటును ఊడ్చేది), అనలైజ్, ఇండెక్స్ తయారీ లాంటి కొన్ని కమాండ్లే మారుస్తాయి. మధ్యలో ఎన్ని రికార్డులు చేరినా అది కదలదు. వెనక నుంచి ఈ పనులు చూసుకునే ఆటోవాక్యూమ్ తనంతట అనలైజ్ చేయాలంటే 50 రికార్డులు ప్లస్ టేబుల్‌లో పది శాతం మారాలి. కోటి రికార్డుల టేబుల్‌లో 10,00,050 మార్పులు దాటేదాకా పాత అంకే ఉంటుందన్నమాట. రెండోది పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్‌లోని ‘ఎన్ లైవ్ టప్’. చేరికలు, తొలగింపులను బట్టి ఇది కదులుతూ ఉంటుంది కాబట్టి తాజాగా కనిపిస్తుంది. కానీ సర్వర్ కరెంటు పోయి అర్ధాంతరంగా ఆగిపోతే, తిరిగి లేచాక ఈ గణాంకాలు సున్నా నుంచి మొదలవుతాయి. డేటా అంతా భద్రంగానే ఉంటుంది, అంకె మాత్రం సున్నా చూపించి గుండె ఆగినంత పని చేస్తుంది. ఆ సమయంలో బ్యాకప్ తెచ్చి పైన రుద్దకండి. ముందు అనలైజ్ నడపండి.

డంప్ (డేటా మొత్తాన్ని దించుకున్న ఫైలు) నుంచి రీస్టోర్ చేసిన కొత్త డేటాబేస్‌లోనూ ఇదే కంగారు. వాక్యూమ్, అనలైజ్, ఇండెక్స్ తయారీ ఏదీ ఇంకా జరగని టేబుల్‌కు 13 వెర్షన్ వరకు రెల్‌టపుల్స్ సున్నా చూపేది. నిజంగా ఖాళీ టేబుల్‌కూ సున్నానే, ఇంకా చూడని టేబుల్‌కూ సున్నానే. 2021లో వచ్చిన 14 నుంచి, ఇంకా చూడలేదు అనడానికి మైనస్ 1 పెడుతున్నారు. చాలా మంచి మార్పు ఇది. మైనస్ 1 కనిపిస్తే డేటా పాడైందని కాదు, తెలియదు అని మాత్రమే. పార్టిషన్లుగా విడగొట్టిన పెద్ద టేబుల్ ఉంటే పైనున్న తల్లి టేబుల్‌ను ఆటోవాక్యూమ్ అనలైజ్ చేయదు, మీరే నడపాలి.

పోస్ట్‌గ్రెస్ అనలైజ్ శాంపిల్ మాత్రం పెద్దది. మామూలు సెట్టింగ్‌లో 30,000 రికార్డులు తీసుకుంటుంది, అందుకోసం 30,000 పేజీల వరకు చదువుతుంది. ఒక్కో పేజీ 8 కేబీ. అంటే 230 ఎంబీ లోపు టేబుళ్లలో అన్ని పేజీలూ చదివేస్తుంది కాబట్టి ఆ క్షణానికి వచ్చే సంఖ్య దాదాపు కచ్చితమే. అంతకన్నా పెద్ద టేబుళ్లకు అంచనా. ఇంకో చిన్న విషయం కూడా తెలిసి ఉండటం మంచిది. రెల్‌టపుల్స్‌ను నాలుగు బైట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల రకంలో) దాస్తారు, 1,67,77,216 దాటాక అందులో ప్రతి పూర్ణసంఖ్యనూ పట్టించలేం. ఎనిమిది కోట్ల టేబుల్‌లో చివరి అంకె దాకా ఆడిటర్‌కు రాసిచ్చే సంఖ్య అక్కడి నుంచి తీసుకోవడంలో అర్థం లేదు.

ఒరాకిల్‌లో రికార్డుల సంఖ్య చూపే ‘నమ్ రోస్’ కాలమ్ చూసేవాళ్లు దాని పక్కనే ఉండే ‘లాస్ట్ అనలైజ్డ్’ తేదీని చూడకుండా ఆ అంకెను ఎక్కడా రాయకూడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్టమ్ వ్యూలు చూపే సంఖ్య మామూలుగా అసలుకు చాలా దగ్గరగా ఉంటుంది, కానీ దాన్ని కూడా మైక్రోసాఫ్ట్ సుమారు సంఖ్యగానే వర్ణించింది.

కచ్చితమైన సంఖ్య కావాల్సినప్పుడు ‘సెలెక్ట్ కౌంట్ స్టార్’ నడపాల్సిందే. స్టార్ బదులు ఒకటి పెడితే వేగం పెరుగుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది, పెరగదు. కాలమ్ పేరు పెడితే మాత్రం అర్థమే మారిపోతుంది, ఆ కాలమ్‌లో నల్ (విలువ లేదు అనే గుర్తు) ఉన్న రికార్డులు లెక్కలోకి రావు. ఆధార్ నంబరు కాలమ్ మీద కౌంట్ పెట్టి, నంబరు ఇంకా నమోదు కానివాళ్లు జాబితాలోనే లేరనుకోవడం ఇలాంటి పొరపాటే. చివరి ఐడీ నంబరును రికార్డుల సంఖ్యగా రాయడం ఇంకొకటి. రోల్‌బ్యాక్ అయిన ప్రతి ప్రయత్నం ఒక నంబరును మింగేస్తుంది, తొలగించినవాటి నంబర్లు తిరిగి రావు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తొందర కోసం, తాళాలు పట్టించుకోని ‘నోలాక్’ పెట్టి లెక్కపెడితే, అదే సమయంలో పేజీలు విడిపోతుంటే కొన్ని రికార్డులు రెండుసార్లు రావొచ్చు, కొన్ని అసలు రాకపోవచ్చు. దాన్ని కచ్చితమైన లెక్క అనకండి.

పని గంటల్లో పెద్ద టేబుల్ మీద కౌంట్ నడిపేవాళ్లు ఒక ప్రమాదం గుర్తుపెట్టుకోవాలి. కౌంట్ రాతలను ఆపదు, కాబట్టి హాని లేదనిపిస్తుంది. కానీ అది నడుస్తుండగా ఇంకెవరో అదే టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చే ‘ఆల్టర్ టేబుల్’ ఇస్తే, ఆ ఆల్టర్ కౌంట్ అయ్యేదాకా ఆగుతుంది. ఆగి ఉన్న ఆల్టర్ వెనక, ఆ తర్వాత వచ్చిన మామూలు ప్రశ్నలన్నీ బారులు తీరతాయి. వెబ్‌సైట్ నిలిచిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ, మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే జరుగుతుంది. ఆల్టర్ ఇచ్చేవాళ్లు లాక్ టైమౌట్‌ను (తాళం కోసం ఆగే గడువును) కొన్ని సెకన్లకు కుదించుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది. కౌంట్‌ను రెప్లికా సర్వర్‌లో, అంటే అసలు సర్వర్‌కు నకలులో, నడిపితే ఇంకా మేలు. అయితే పోస్ట్‌గ్రెస్ రెప్లికాలో అసలు సర్వర్ నుంచి వచ్చే మార్పులతో గొడవపడితే, మామూలు సెట్టింగ్‌లో 30 సెకన్లు ఓపిక పట్టి ఆ ప్రశ్నను రద్దు చేసేస్తారు. ఆ గడువు పెంచుకోవాలి, రెప్లికా ఎంత వెనకబడి ఉందో కూడా లెక్క పక్కన రాసుకోవాలి. ముందు వాక్యూమ్ నడిపి ఆ తర్వాత కౌంట్ చేస్తే, పోస్ట్‌గ్రెస్ టేబుల్ బదులు చిన్న ఇండెక్స్ ఒక్కటే చదివి పని ముగించే అవకాశం ఎక్కువ.

ఇక మొదట చెప్పిన సర్వర్ మార్పిడి. పాత చోట రాతలు ఆపి, లేదా రిపీటబుల్ రీడ్‌లో (ట్రాన్సాక్షన్ అంతా ఒకే స్థితిని చూపే పద్ధతిలో) ఒక స్నాప్‌షాట్ పట్టుకుని, డంప్ తీసిన స్థితి మీదే లెక్కపెట్టాలి. డంప్ రాత్రి పదింటికి, లెక్క మర్నాడు పదకొండింటికి అయితే అది వేరే డేటా. మొత్తం ఒక్క సంఖ్యగా కాకుండా నెలల వారీగా, మండలాల వారీగా విడగొట్టి లెక్కపెడితే తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అంతటితో ఆగొద్దు. వంద రికార్డులు రాలేదు, మరో వంద రెండుసార్లు ఎక్కాయి అంటే మొత్తం సరిపోతుంది, డేటా తప్పు. డబ్బు కాలమ్ ఉంటే దాని మొత్తం, ఐడీల్లో కనిష్ఠం, గరిష్ఠం, వేర్వేరు ఐడీల సంఖ్య కూడా రెండు చోట్లా సరిపోలాలి. వేర్వేరు ఐడీల లెక్క వేయడానికి ‘అప్రాక్సిమేట్’ అన్న మాట పేరులో ఉన్న ఫంక్షన్లు వాడకండి, అవీ అంచనాలే.

అంచనాను తీసిపారేయమని మేం అనడం లేదు. టేబుల్ ఎంత పెరుగుతోంది, డిస్క్ ఎప్పటికి నిండుతుంది, ఏ టేబుల్‌ను పార్టిషన్ చేయాలి అన్నవాటికి అది చక్కగా సరిపోతుంది. వెబ్‌సైట్లలో ‘48,213 పేజీల్లో ఇది మొదటిది’ అని చూపడం కోసం ప్రతి క్లిక్‌కూ కోటి రికార్డులు లెక్కపెట్టించే ప్రోగ్రాములే మాకు ఎక్కువ బాధ. ఒక పేజీకి 20 రికార్డులు చూపాలంటే 21 తీయండి, 21వది వస్తే ‘తర్వాత’ బటన్ చూపండి, రాకపోతే చూపకండి. ఒక పేరు ఉందా లేదా అని తెలుసుకోవడానికి కౌంట్ సున్నా కన్నా ఎక్కువా అని అడగకండి, ‘ఎగ్జిస్ట్స్’ వాడితే మొదటి రికార్డు దొరకగానే ఆగిపోతుంది. కచ్చితమైన సంఖ్య నిమిషనిమిషానికీ కావాల్సిన చోట ట్రిగ్గర్‌తో (రికార్డు మారగానే తనంతట నడిచే కోడ్‌తో) నడిచే విడి కౌంటర్ టేబుల్ పెట్టుకోండి, అందులో ఒక్క రికార్డు కాకుండా పదహారు రికార్డులు పెట్టి ఏదో ఒకదానికి కలుపుతూ, చదివేటప్పుడు అన్నీ కూడితే తాళం దగ్గర తోపులాట తగ్గుతుంది.

విలేకరులకు మా విన్నపం ఒకటే. కంప్యూటర్ నుంచి తీశామంటూ ఎవరైనా ఒక సంఖ్య చేతికిస్తే, ఇది లెక్కపెట్టిందా, అంచనానా, ఏ తేదీన ఎన్ని గంటలకు తీశారు, ఏ షరతు పెట్టి తీశారు అని అడగండి. రద్దయినవాటిని వదిలేసి లెక్కపెట్టారా, కలిపి లెక్కపెట్టారా అన్నదానితోనే సగం తేడాలు తేలిపోతాయి. ఆఫీసుల్లో నోట్ రాసేవాళ్లు కూడా ఆ వివరాలను సంఖ్య పక్కనే, సంతకానికి ముందే రాయాలి.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల డేటాబేస్ ల్యాబుల్లో దీన్ని ఒక్క క్లాసులో చూపించొచ్చు. ఐదు లక్షల రికార్డుల టేబుల్ ఒకటి తయారు చేయించండి. ఒక విండోలో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి 40,000 తొలగించి, కమిట్ చేయకుండా వదిలేయండి. రెండో విండోలో కౌంట్ నడిపించి, రెండు విండోల్లో వచ్చిన సంఖ్యలూ బోర్డు మీద రాయించండి. తర్వాత కమిట్ చేసి, టూల్‌లో కనిపించే అంకెను అనలైజ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడమనండి. 40,000 అంటే పది శాతం లోపే కాబట్టి, చాలా సందర్భాల్లో అనలైజ్ నడిపేదాకా పోస్ట్‌గ్రెస్ రెల్‌టపుల్స్ ఐదు లక్షల దగ్గరే నిలబడి ఉంటుంది.

ఇట్లు,
డేటాబేస్ నిర్వహణలో పనిచేస్తున్న కొందరు ఉద్యోగులు,
విజయవాడ